నువ్వు అన్నందుకు ఐదు మార్కులు

ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఏళ్లయింది. రెండక్షరాల మాట. నువ్వు. ఒక అమ్మాయి నన్ను నువ్వు అంది. అన్నందుకు ఆమెకు ఐదు మార్కులు కోశాను. కోసి ఊరుకోలేదు, అదే న్యాయమని ఆమె ముఖం మీదే చెప్పాను. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంచెం తేలిక. కొంచెమే.

ముందే చెబుతున్నాను, నేను ఏడుస్తూ రాయడం లేదు. ఒళ్లు మండి రాస్తున్నాను. నా మీద, నేను రాసిన రూల్స్ మీద, ఆ రోజు తెరమీద కూర్చుని తలలూపిన పెద్దమనుషుల మీద, "మర్యాద" అనే మాట మీద. ఎవరి మీద ఎంత కోపమో విడదీసి చెప్పమంటే చెప్పలేను. ఎక్కువ వాటా మాత్రం నాదే.

నేను పుట్టింది, పెరిగింది సూరత్‌లో. నవాగామ్‌లో ఒకే ఒక్క గది. మా నాయన సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి వలస వచ్చి ఖటోదరాలో సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే పవర్‌లూమ్‌లు. పగలు ఒక వారం, రాత్రి ఒక వారం డ్యూటీ. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. ఐదుగురం. ఆ గదిలో ఎవరైనా చదువుకోవాలంటే మిగతావాళ్లు బయట వరండాలో నిలబడాలి. నేను పదో తరగతి చదివిన ఏడాది మా అమ్మ ఎక్కువ భాగం వరండాలోనే గడిపింది. ఈ వివరం గుర్తుంచుకోండి.

ఆ గదిలోంచి నన్ను బయటకు లాగింది డిబేట్. కాలేజీలో ఒక లెక్చరర్ నా నోటిదురుసు చూసి పార్లమెంటరీ డిబేట్ టీములో వేసింది. అది ఇంగ్లీషులో జరిగేది. ప్రభుత్వ పక్షం, ప్రతిపక్షం అని రెండు జట్లు. ఏ జట్టుకు ఏ పక్షం వస్తుందో చీటీ వేసి తేలుస్తారు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం తప్పించి మధ్యలో అవతలివాళ్లు లేచి ప్రశ్న వేయవచ్చు. ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పి తీరాలి. ఏం మాట్లాడినా అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్లను ఉద్దేశించే మాట్లాడాలి. అక్కడ నా ఊరు ఎవరికీ పట్టలేదు. మా నాయన పనేమిటని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషులో ఉండేది ఒక్కటే "యూ". కలెక్టరునూ యూ అనవచ్చు, కాపలావాణ్నీ యూ అనవచ్చు. అది నాకు ఎంత హాయిగా ఉండేదో ఎలా చెప్పను? అక్కడే గెలవడం నేర్చుకున్నాను. గెలిచి ఉద్యోగం తెచ్చుకున్నాను. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసే తెనాలి అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను.

పెళ్లి మాటలకు మా అత్తగారు నవాగామ్ రాలేదు. మేమే ఒక హోటల్‌కు వెళ్లాం. మా అమ్మ కొత్త చీర కట్టుకుని, ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగింది: "నువ్వు తిన్నవా వదినె?"

మా అత్తగారు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. తర్వాత అందరూ నవ్వేశారు, మర్యాదగా. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ ఏమంది? తిన్నావా అని అడిగింది. తన ఆకలి చూసుకోకుండా ఎదుటిమనిషి ఆకలి అడిగింది. మా వైపు అమ్మను నువ్వు అంటాం, నాయనను నువ్వు అంటాం, బోనం ఎత్తుకుని పోయి దేవతను కూడా నువ్వే అంటాం. పైవాళ్లు కాబట్టి మీరు, తక్కువవాళ్లు కాబట్టి నువ్వు అనే లెక్క మా ఇంట్లో లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఇంటికొచ్చాక అమ్మను కసిరాను. వాళ్ల ముందు నోరు తెరవకు అన్నాను. అమ్మ "సరే బిడ్డా" అంది. ఆ తర్వాత మా అత్తగారితో అమ్మ సైగలతోనే మాట్లాడింది. పన్నెండేళ్లు.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? జాలిపడతారనా? కాదు. ఆ రూల్ ఎక్కడి నుంచి పుట్టిందో మీకు తెలియాలి.

కరోనా రెండో ఏడు. రెండో వేవ్ తగ్గి, జనం మాస్కుల వెనక కాస్త ఊపిరి పీల్చుకుంటున్న రోజులు. బడులు ఇంకా తెరవలేదు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు కొందరు కలిసి పిల్లల కోసం తెలుగులో పార్లమెంటరీ డిబేట్ పెడదామన్నారు, ఆన్‌లైన్‌లో. హజీరా టౌన్‌షిప్ పిల్లలు, సాంచాల మీద బతికేవాళ్ల పిల్లలు అందరూ ఒకే వేదిక మీదికి వస్తారని పోస్టర్ వేశారు. "అందరికీ సమాన అవకాశం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఉత్తమ వక్తకు వడోదరలో ఒక కాలేజీలో సీటు, హాస్టల్‌తో సహా. ఆ కాలేజీ నడిపే ఆయన తెలుగువాడు, ముందుకొచ్చి ఇచ్చాడు. సీటు ఒక్కటే.

రూల్స్ రాసే పని నాకు అప్పగించారు. డిబేట్ తెలిసినదాన్ని నేనే కదా. ఇంగ్లీషు రూల్స్ ముందు పెట్టుకుని తెలుగులో రాశాను, పదకొండు పేజీలు. "అన్ని మాటలూ అధ్యక్షస్థానాన్ని ఉద్దేశించే ఉండాలి" అనే చోట నా పెన్ను ఆగలేదు. ఇంకో వాక్యం చేర్చాను: "అధ్యక్షస్థానాన్ని గౌరవవాచకంతో సంబోధించాలి. లేనిచో సభామర్యాద ఉల్లంఘన కింద ఐదు మార్కులు తగ్గించబడును."

ఇంగ్లీషులో లేని పాపాన్ని తెలుగులో నేనే పుట్టించాను. ఎవరూ అడగలేదు. ఎవరూ గుర్తుచేయలేదు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు హోటల్ బల్ల, వెనక్కి వెళ్లిన మా అత్తగారి చెయ్యి గుర్తొచ్చాయా? వచ్చాయనే అనుకుంటున్నాను. మా నవాగామ్ పిల్లలు కూడా అలా నవ్వులపాలు కాకూడదని రాశానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు ఆ బల్లకు అటువైపు కూర్చోవాలని ఉండింది. అంతే.

ఇంకో రూల్ కూడా ఉంది. అది నేను పుట్టించింది కాదు, ఎక్కడైనా ఉండేదే. జడ్జి తనకు బయట తెలిసిన సంగతులు పక్కన పెట్టాలి. సభలో విన్నదాన్ని బట్టే తీర్పు చెప్పాలి. మంచి రూలే. ఆ మంచి రూలునే నేను ఎలా వాడుకున్నానో చెబుతాను.

ఫైనల్ ఆదివారం పొద్దున జరిగింది. అధ్యక్షస్థానంలో నేను. నాతో పాటు ఇద్దరు జడ్జిలు. ఒకరు విజయలక్ష్మి గారు, గుంటూరులో తెలుగు టీచరుగా రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నావిడ. ఇంకొకరు మూర్తిగారు, మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో పెద్ద అధికారి. చర్చాంశం: "ఆన్‌లైన్ చదువే ఇకపై అసలు చదువు కావాలని ఈ సభ కోరుతోంది." ప్రభుత్వ పక్షంలో టౌన్‌షిప్ కుర్రాడు ఒకడున్నాడు. వెనక పుస్తకాల అలమర, చెవులకు హెడ్‌ఫోన్లు, చక్కటి ఉచ్చారణ. ప్రతిపక్షంలో రెండో వక్త లావణ్య. నవాగామ్. పన్నెండో తరగతి.

లావణ్య వెనక ఒక దుప్పటి వేలాడదీసి ఉంది. మీకైతే అది వట్టి దుప్పటి. దాని వెనక ఏముందో నాకు తెలుసు. మనుషులు ఉన్నారు, ఊపిరి బిగబట్టుకుని. దుప్పటి అంచు కింద నుంచి ఒక చీర మూట కొస కనబడుతోంది, దాని పక్కన జిగురు డబ్బా. ఆ జిగురు వాసన నాకు టౌన్‌షిప్ ఫ్లాట్‌లో ఏసీ గదిలో కూర్చుని కూడా తగిలింది. నవ్వకండి. నిజంగా తగిలింది.

ఆమె మాట్లాడటం మొదలుపెట్టగానే మూర్తిగారు తలెత్తారు. అంత సూటిగా ఉంది మాట. "అధ్యక్షా, క్లాసు మొదలుకాంగనే సారు అడుగుతడు, నేను కనవడ్తున్ననా, నా మాట వినవడ్తున్నదా అని. రోజు అడుగుతడు. మేం కనవడ్తున్నమా అని మాత్రం ఒక్కనాడు అడగలే." ఏడాదిన్నరగా ఆన్‌లైన్ చదువు గురించి నేను విన్న వందల మాటల్లో ఇంత నిజమైనది ఇంకొకటి లేదు. కాగితం మీద గీత గీసి, పక్కన మంచి మార్కు వేశాను.

మూడో నిమిషంలో ఆమె బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి ఉన్నట్టే బిగుసుకుపోయింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, టైమ్ ఆపాలా వద్దా అని. నేను కంగారుగా అన్నాను: "ఆగు ఆగు, జర ఆగు, నీ బొమ్మ ఆగిపోయింది."

జర ఆగు. నీ బొమ్మ. పెళ్లయ్యాక పదిమందిలో నా నోట్లోంచి అలాంటి మాట రాలేదు. ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. లావణ్య మాత్రం విన్నది. బొమ్మ మళ్లీ కదిలినప్పుడు ఆమె ముఖంలో బెరుకు పోయింది. నా వైపు, అంటే కెమెరా వైపు, కొంచెం ముందుకు వంగి కూర్చుంది. అప్పుడు నేను గమనించలేదు. తర్వాత వెయ్యిసార్లు గుర్తు తెచ్చుకున్నాను.

టౌన్‌షిప్ కుర్రాడు ప్రశ్న వేశాడు. "అధ్యక్షా, మీ అనుమతితో. గౌరవనీయ సభ్యురాలికి ఫోన్ లేకపోవడం పద్ధతి తప్పెలా అవుతుంది? మీలాంటి వాళ్ల ఇబ్బందుల కోసం దేశమంతా వెనక్కి నడవాలా?" మీలాంటి వాళ్లు అన్నాడు. గౌరవనీయ అన్నాడు. మీరు అన్నాడు. ఆ మాటకు మార్కులు కోసే రూల్ నా పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. నేను రాయలేదు.

లావణ్య తడుముకోలేదు. "ఫోను ఉన్నది, అన్నా. ముగ్గురికి ఒకటి. ఇంకోటి గూడ ఎట్లనో తెస్తం. జాగ ఏడికెల్లి తేవాలె? అధ్యక్షా, నువ్వే చెప్పు. ఒక్క అర్రల ఆరుగురం ఉంటే ఏడ కూసొని సదువాలె?"

నువ్వే చెప్పు.

ఆ క్షణం నాకేమైందో దాచకుండా చెబుతాను. అవమానం అనిపించలేదు. ఒక్క రవ్వ కూడా అనిపించలేదు. ఎవరో నా అసలు పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. వరండాలో నిలబడ్డ అమ్మ కనబడింది. ఏడ కూర్చుని చదవాలో నాకు తెలుసు. ఎవరినో ఒకరిని బయట నిలబెట్టి చదవాలి. ఆ సభలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ పిల్ల సరిగ్గా ఆ మనిషినే అడిగింది.

చర్చ ముగిసింది. మేం ముగ్గురం విడిగా ఇంకో ఆన్‌లైన్ గదిలో కూర్చున్నాం. మార్కులు కలిపి సగటు తీశాం. లావణ్యకు ఎనభై ఒకటి. టౌన్‌షిప్ కుర్రాడికి డెబ్బై ఎనిమిది. ముగ్గురి కాగితాల్లోనూ లావణ్యే ముందుంది. అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు విజయలక్ష్మి గారు కళ్లజోడు సర్దుకుని, చాలా మృదువుగా, ఆ అమ్మాయి అధ్యక్షులవారిని ఏకవచనంలో సంబోధించింది, మీరు గమనించారో లేదో అన్నారు. మూర్తిగారు అవునవును అన్నారు. రూల్ ఉంది కదా, మీరే రాశారు కదా అన్నారు. ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఉన్న రూల్‌ను గుర్తుచేసింది, అంతే. సభామర్యాద విషయంలో అధ్యక్షస్థానానిదే తుది మాట అని కూడా ఆ రూల్స్‌లోనే ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు.

ఆలోచించండి. అగౌరవం జరిగితే ఎవరికి జరగాలి? నాకు. జరిగిందా? లేదు. ఒక్క మాట చాలు. "నాకేం అగౌరవం అనిపించలేదు, వాళ్ల మాటే అంత" అంటే అయిపోయేది. ఇంకొంచెం ధైర్యముంటే "మా మాటే అంత" అనవచ్చు. ఆ రెండో వాక్యం నా నాలుక దాకా వచ్చింది. మూర్తిగారి ముఖం చూశాను. రేపు మా ఆయనతో భోజనాల దగ్గర, మీ ఆవిడ ఫలానా వైపని తెలియదే అంటాడని తోచింది. అందులో తప్పేముంది? అప్పుడు నన్ను నేను ఈ ప్రశ్న అడగలేదు. జడ్జి తనకు బయట తెలిసిన సంగతులు పక్కన పెట్టాలి కదా అనుకున్నాను. నువ్వు అంటే మా ఇళ్లలో ప్రేమ అన్నది బయటి సంగతి కదా అనుకున్నాను. ఎంత బాగా సర్దుకుంది చూడండి ఆ రూల్! సిగ్గు దాచుకోవడానికి న్యాయశాస్త్రం అంత అందంగా ఇంకెప్పుడూ పనికి రాలేదు.

"రూల్ ప్రకారం ఐదు" అన్నాను.

డెబ్బై ఆరు. డెబ్బై ఎనిమిది. అయిపోయింది.

ఫలితం చెప్పాక, ఓడినవాళ్లు జడ్జితో మాట్లాడి తమ తప్పులు అడిగి తెలుసుకోవచ్చు. అది కూడా రూలే. మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. లావణ్య ఒక్కతే ఉండిపోయింది. దుప్పటి ఇప్పుడు లేదు. వెనక ఐదుగురు నిలబడి ఉన్నారు, ఫోన్‌లోకి తొంగి చూస్తూ. వాళ్లమ్మ చేతిలో రాళ్లు అంటించే పుల్ల ఇంకా ఉంది.

"మేడమ్, నేనేం తప్పు మాట్లాడిన? జర చెప్పరాదు. మళ్లసారి దిద్దుకుంట."

"మీ వాదన బాగుంది" అన్నాను. "సభామర్యాద కింద మార్కులు తగ్గాయి. అధ్యక్షస్థానాన్ని మీరు నువ్వు అన్నారు."

ఆమెకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి వాళ్లమ్మను చూసింది.

"అధ్యక్షా అని అన్న గద మేడమ్? అది గౌరవం కాదా? గౌరవంగా పిలువాలె అని రాసిండ్రు, గందుకే ప్రతి మాటకు అధ్యక్షా అధ్యక్షా అనుకుంటనే మాట్లాడిన."

నిజమే. పద్దెనిమిదిసార్లో, ఇరవైసార్లో అంది. గౌరవవాచకమంటే ఆ మాటే అనుకుంది. పదకొండు పేజీలూ చదివింది, నేర్చుకుంది, పాటించింది. వాక్యం చివర తన కోసం ఉచ్చు ఉంటుందని ఆ పిల్లకెలా తెలుస్తుంది?

"నువ్వు అనకూడదు" అన్నాను. "మీరు అనాలి."

"మా అమ్మను గట్లనే అంట మేడమ్. మస్తు పెద్దోళ్లను గూడ గట్లనే అంటం." ఫోన్‌కు దగ్గరగా జరిగింది. "నా బొమ్మ ఆగిపోయినప్పుడు జర ఆగు అన్నరు గద. మా దిక్కోళ్లే అనుకున్న. గందుకే నోట్లకెల్లి గట్ల వచ్చింది. మీది ఏ ఊరు మేడమ్?"

అప్పుడు కూడా సమయం ఉంది. ఫలితం మీద మర్నాడు సాయంత్రంలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, అధ్యక్షస్థానమైనా సరే. అది కూడా నేను రాసిన రూలే. సిరిసిల్ల దగ్గర పల్లె అనవచ్చు. నవాగామే అనవచ్చు, మీ గల్లీకి నాలుగు గల్లీల అవతల అనవచ్చు.

"మాది తెనాలి" అన్నాను.

వెనకనుంచి వాళ్లమ్మ "పోనీ తియ్యి బిడ్డా, ఆ మేడమ్‌కు దండం పెట్టు" అంది. లావణ్య దండం పెట్టింది. తెర నల్లబడింది.

తెనాలి నేను అప్పటికి మూడుసార్లు చూశాను. అదీ చుట్టపుచూపుగా.

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూప్‌లో అభినందనలు. నిష్పక్షపాతంగా జడ్జి చేశారు మేడమ్, ఎక్కడా రాజీ పడలేదు అని. విజయలక్ష్మి గారు తెలుగు సంస్కారం నిలబెట్టారు అని రాశారు. చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరైనా, ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబేమిటని అడిగారా? ఒక్క గదిలో ఆరుగురుంటే ఎక్కడ కూర్చుని చదవాలి? అదీ చర్చ. అదీ చర్చాంశం. ఆ ప్రశ్నకు సభలో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. జవాబు చెప్పలేని ప్రశ్న వేసినవాళ్లు డిబేట్‌లో గెలవాలి. మేం ఆ ప్రశ్నలో వ్యాకరణం చూశాం. "మీలాంటి వాళ్లు" అన్నవాడు మర్యాదస్తుడయ్యాడు. వాడు హాస్టల్‌కు పోయి ఏం చేస్తాడు? వాడికి ఇంట్లో తనకంటూ ఒక గది ఉంది, తలుపు కూడా ఉంది. హాస్టల్ కావలసింది ఆ పిల్లకు. ఒక మంచం, ఒక బల్ల, కూర్చునేందుకు ఒక జాగా. ఆమె అడిగిన జాగా అక్కడ ఉంది. దానికీ ఆమెకూ మధ్య అడ్డం నిలబడింది నేను.

మర్నాడు ఒక ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. "అభ్యంతరం" అని పైన రాసి, కింద ఒక పేరా రాశాను. ఎలా మొదలుపెట్టినా "నేను కూడా" అనే మాట దగ్గరికి వచ్చి ఆగేది. నేను కూడా అక్కడిదాన్నే. ఆ మాట రాయకుండా ఆ ఉత్తరానికి అర్థం లేదు. సాయంత్రానికి గడువు దాటిపోయింది. దాటిపోయేదాకా గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏడు నిమిషాలకు గంట కొట్టడం అలవాటైనదాన్ని కదా, సమయం ఎలా గడిచిపోతుందో నాకు బాగా తెలుసు.

తర్వాతి ఏడాది, మాస్కులు ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, ఆడపడుచు పెళ్లికి పెట్టుబడి చీరలు కొనడానికి పర్వత్ పాటియా వెళ్లాను. హోల్‌సేల్ కొట్టు. నేల నిండా పరుపులు, వాటి మీద చీరల గుట్టలు. తెలుగు వినబడితే తెలుగువాళ్లను పంపుతారు అక్కడ. ఒక అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుని చీరలు విప్పడం మొదలుపెట్టింది. ముఖానికి మాస్కు ఉంది. గొంతు వినగానే గుర్తుపట్టాను, లావణ్య.

"రండి మేడమ్. కూర్చోండి. మీకెలాంటివి కావాలండీ?"

కావాలండీ. ఆ "అండీ" ఆమెది కాదు. ఎక్కడో పట్టుకుని, దిద్దుకుని, నోటికి కట్టుకున్నది. మళ్లసారి దిద్దుకుంట అంది కదా, దిద్దుకుంది. వెనక్కి తిరిగి ఇంకో అమ్మాయితో "గా గులాబి రంగుది ఇటియ్యరాదే" అంది. నా వైపు తిరగగానే "ఇది చూడండి మేడమ్" అంది. తల అటు తిప్పితే ఒక మనిషి, ఇటు తిప్పితే ఇంకో మనిషి. ఆ విద్య నాకు బాగా తెలుసు. నాకు పదేళ్లు పట్టింది అది రావడానికి. ఆమెకు ఒక్క ఆదివారం సరిపోయింది.

నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. నా ముఖానికీ మాస్కు ఉంది. గొంతు దాచుకోవడానికి తక్కువ మాట్లాడాను. నాలుగు చీరలు పరిచి, చేతులు ఒడిలో పెట్టుకుని, నా కళ్లలోకి చూసి అంది: "మీరే చెప్పండి మేడమ్."

ఏది తియ్యమంటారో చెప్పండి అనే కదా దాని అర్థం? కొట్లో ఎవరైనా అనే మాటే కదా? అంతేనేమో. అంతే అయి ఉంటుంది. కాలేజీకి వెళ్తున్నావా అని అడగాలనుకున్నాను. మాది నవాగామ్ అనాలనుకున్నాను. నన్ను నువ్వు అను అని బతిమాలాలనుకున్నాను. గులాబి రంగుది చూపించి తలూపాను. మా అమ్మ మా అత్తగారితో మాట్లాడినట్టు, సైగతో.

ఇది జరిగింది. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. వెళితే ఆమె క్షమించేస్తుందని భయం. దండం పెట్టి "పోనీ తియ్యండి మేడమ్" అనేస్తుంది. ఆ "అండి" నేను మోయలేను. సీటు తిరిగి ఇవ్వలేను, జాగా ఇవ్వలేను, ఆమె నోట్లోంచి నేను పీకేసిన మాటను తిరిగి పెట్టలేను. మరి క్షమాపణ ఎందుకు, నా కడుపు చల్లబడటానికా? నాకు ఆ హక్కు లేదు.

కానీ దాచుకోవడం ఇక నా వల్ల కాదు. ఆ రూల్ నేను రాశాను. ఆ మాట నాకు తగిలింది, గాయంగా కాదు, చెయ్యి తగిలినట్టు. తగిలిన చేతిని వెనక్కి నెట్టాను. మా అత్తగారు కనీసం తన చెయ్యి తను తీసుకుంది.

మొదటి వాక్యం నుంచి మిమ్మల్ని మీరు, మీరు అంటూ వచ్చాను. అలవాటు. ఇంతసేపు కూర్చుని నా మాట విన్న మనిషిని మా ఇంట్లో అలా అనరు. అందుకని ఇప్పుడు మా అమ్మ మాటల్లో అంటున్న.

మాది తెనాలి కాదు. మాది నవాగామ్. మా నాయన సాంచాలు నడిపిండు, మా అమ్మ చీరలకు రాళ్లు అంటించింది. గా పిల్ల తప్పు మాట్లాడలే. తప్పు నాది. నువ్వు నన్ను ఊకో అనకు, ఏం అనకు. నువ్వు విన్నవు. గంతే.